బంగారు చేప: వేయేండ్ల చరిత్ర

కొన్ని సంవత్సరముల క్రిందట బెంగుళూరిలో మా యింటి సమీపమున జరిగిన యొక జాతరలో మా మనుమరాలు ముచ్చటపడి యొక బంగారు చేపను కొనిపించుకొనెను. అమ్మినవాడు దానిని నీరు నింపిన సంచిలో నుంచి మూతి బిగించి యిచ్చెను. ఇంటికి వచ్చి, గుండ్రని గాజు పాత్రలో కొళాయి నీరు పోసి, చేపను విడిచి, కిటికీ ప్రక్కనున్న బల్లమీద నుంచితిమి. ఆ బిడ్డ దినమునకు పదిమాఱులు దానికి మేత వేసెను. నాల్గవనాటి యుదయమున చేప వెల్లకిల తేలియుండెను. "తాతయ్యా, అదెందుకు చచ్చిపోయింది?" అని యేడ్చుచు నడిగిన పిల్లను ఊరడింపదలచి, "వాటి ఆయుస్సు అంతేనమ్మా. మూడు క్షణాలు దాటితే వాటికి ఏదీ జ్ఞాపకం కూడా ఉండదట. బాధ తెలిసి ఉండదులే" అని చెప్పితిని.

ఆ మాటలు అసత్యములని నాకు తరువాత తెలియవచ్చెను. పుస్తకములు తిరుగవేసిన కొలది, మేము నాలుగు దినములలో పోగొట్టుకొన్న ఆ చిన్న ప్రాణి వెనుక వేయేండ్లకు పైబడిన మానవ ప్రయత్నమున్నదని కూడ తెలిసినది. పిల్లలున్న యిండ్లలో ఇట్టి గాజు పాత్ర నేడు తఱచు కానవచ్చుచున్నది. కనుక ఆ చరిత్రను, ఆ ప్రాణి శరీరధర్మములను ఇచ్చట సంగ్రహముగా తెలుపుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాను.

వంశము, వర్ణము

బంగారు చేప మనకు తెలియని వంశమునకు చెందినది కాదు. కొల్లేటి బొచ్చె, గోదావరి శీలావతి, మోసు అను చేపలు ఏ కుటుంబమునకు చెందినవో ఇదియు ఆ కుటుంబమునకే చెందినది. శాస్త్రజ్ఞులు దానిని కార్పు కుటుంబమందురు. మన బొచ్చె చేప విస్తరిలోనికి వచ్చినది. దాని చీనా దాయాది ముంగిటి తొట్టిలోనికి వచ్చినది. స్వీడను దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు లినేయసు 1758లో దీనికి 'సిప్రినస్ ఆరాటస్' అని నామకరణము చేసెను. నేడు 'కారాసియస్ ఆరాటస్' అని వ్యవహరింతురు. లాటిను భాషలో 'ఆరాటస్' అనగా బంగారు పూత గలది యని యర్థము. మన చుట్టునున్న భాషలును ఈ బంగారమును విడువలేదు. తమిళులు దీనిని తంగమీన్ అందురు. కన్నడిగులు చిన్నద మీను అందురు. మరాఠీలకు ఇది సోనేరీ మాసా, ఒడియా వారికి సునా మాఛ. యానాములో ఫ్రెంచి చదివిన పెద్దలు మాత్రము 'ఎఱ్ఱ చేప' యను నర్థము గల 'ప్వాసోఁ రూజ్' అను పేరును ఎఱుగుదురు.

ఇన్ని భాషలు బంగారమని పిలిచిన ఈ చేపకు పుట్టుకతో వచ్చిన వర్ణము బంగారము కాదు. చీనా దేశపు నదులలోను మడుగులలోను తిరుగాడు దీని పూర్వికుల రంగు బూడిదవన్నెయు పసిరికవన్నెయు కలిసిన బురదరంగు. చేప చర్మమునందు నల్లని వర్ణకణములును, పసుపు, ఎఱుపు వన్నెల కణములును, వెలుతురును అద్దమువలె త్రిప్పికొట్టు కణములును కలవు. నలుపు పైబడినప్పుడు పసుపు మఱుగుపడును. ఏ కారణముచేతనైనను పుట్టుకలో మార్పు కలిగి నల్లని కణములు లోపించెనా, క్రిందనున్న బంగారము బయల్పడును. దీనికి సాక్ష్యము ప్రతి బంగారు చేప బాల్యమునందే కలదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల మబ్బురంగుతోనే యుండును. కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు గడచిన పిమ్మట నలుపు నశించి బంగారు వన్నె తేలును. అనగా ప్రతి బంగారు చేపయు పసితనమున తన తాతముత్తాతల వస్త్రమునే ధరించి, పిదప దానిని విడుచుచున్నదన్నమాట.

ఏటి నీటిలో ఇట్టి మెఱయు చేప జన్మించిన యెడల దాని కాయువు స్వల్పము. కొంగకును లకుముకి పిట్టకును మొట్టమొదట కంటబడునది అదియే. అందుచే ప్రకృతిలో అప్పుడప్పుడు పుట్టుచున్నను ఈ వన్నె నిలువనేరలేదు. అది నిలుచుటకు శత్రువులు లేని చోటు కావలెను. అట్టి చోటును కల్పించినది వర్తకము కాదు, వినోదము కాదు, ధర్మచింత.

జీవకారుణ్యము త్రవ్వించిన కొలనులు

మన దేశమునుండి చీనాకు వెడలిన బౌద్ధధర్మముతో అహింసావ్రతమును ఆ దేశమునకు చేరెను. వలలో పడిన చేపలను, బోనులో పడిన పక్షులను కొని విడిచిపెట్టుట పుణ్యకార్యమని అచ్చటి బౌద్ధులు విశ్వసించిరి. అందులకై దేవాలయముల చెంత కొలనులు త్రవ్వించిరి. వానిలోని చేపలను పట్టరాదు. ఈ భావము మనకు క్రొత్తది కాదు. శృంగేరిలో శారదాలయము ప్రక్కన తుంగానదిలో గుంపులు గుంపులుగా మసలు పెద్ద చేపలకు యాత్రికులు మరమరాలు వేయుట మనలో అనేకులు చూచియే యుందురు. వానిని ఎవ్వరును పట్టరు. విచిత్రమేమనగా ఆ చేపలును కార్పు కుటుంబమునకు చెందినవే.

చీనాలో పదవ శతాబ్దము నాటికి జియాషింగ్ పట్టణ పరిసరమునను, పిమ్మట హాంగ్‌చౌ నగరమునను ఇట్టి కొలనులలో బంగారు వన్నె చేపలు నిలుకడగా కానవచ్చుచుండెను. హాంగ్‌చౌ నగరమున షట్‌సామరస్య స్తూపమని ప్రసిద్ధిగాంచిన గోపురము చెంతనున్న కొలనులోని బంగారు చేపను 11వ శతాబ్దపు పూర్వార్ధమున సూ షున్‌చిన్ అను కవి ఒక పద్యమున పేర్కొనెను. తరువాతి తరమువాడైన మహాకవి సూ షీ ఆ పద్యమును చదివెను గాని, కవి దేనికొఱకు దినమెల్ల అచ్చట వేచియుండెనో అతనికి బోధపడలేదు. 1071లో ఆయన ఉపపాలకుడై హాంగ్‌చౌ నగరమునకు వచ్చిన పిమ్మట ఆ మర్మము విడినది. మఱియొక పర్యాయము ఆ కొలనిగట్టునకు పోయి పిండివంట తునుకలు నీటిలో వేసితిననియు, చాలసేపటికి చేప కొంచెము పైకి వచ్చినదనియు, అయినను తినక మరల లోనికి పోయి ఇక కానరాలేదనియు ఆయన వ్రాసియుంచెను. ఈ చిన్న ముచ్చటను పాఠకులు జ్ఞప్తియం దుంచుకొనవలెను. చేపకు రంగు వచ్చినది గాని మనుష్యునియందు నమ్మకము ఇంకను రాలేదు. అభయము లభించినది; మచ్చిక యేర్పడలేదు.

కొలనునుండి జాడీలోనికి

దక్షిణ సుంగ్ వంశపు రాజులు హాంగ్‌చౌ నగరమును రాజధాని చేసికొనుటతో బంగారు చేపకు రాజాశ్రయము దొరకెను. 1162లో సింహాసనమును విడిచిన గావొజుంగ్ చక్రవర్తి తన విశ్రాంతిమందిరమగు దషౌ ప్రాసాదమున వీనికి ప్రత్యేకముగ కొలనును ఏర్పఱచెను. రాజు మెచ్చినదానిని ప్రజలును మెచ్చుట లోకరీతి. 13వ శతాబ్దారంభమున యుయే కె అను రచయిత, నగరమున చేపలకు బంగారు రంగు తెప్పింపగల నేర్పరులు కలరనియు, వారా విద్యను రహస్యముగ నుంచుదురనియు, మురికి కాల్వలలోని ఎఱ్ఱని పురుగులను మేపుటయే ఆ రహస్యమని కొందఱు చెప్పుదురనియు వ్రాసెను. మేతవలన మాత్రమే బురదరంగు చేప బంగారు చేప కాజాలదని నేడు మనకు తెలియును. అయినను ఎఱుపు వన్నెకు కావలసిన కొన్ని పదార్థములను చేప తన శరీరమున తయారుచేసికొనలేదు, ఆహారమునుండియే గ్రహింపవలెను. కావున ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు.

ఇదే 12వ శతాబ్దమున మన దక్షిణాపథమును గమనింతము. కళ్యాణ చాళుక్య చక్రవర్తియగు మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసము'న మత్స్యవినోదమను పేర చేపల జాతులను, వానికి వేయు ఎరలను, గాలము వేయు రీతులను వివరించెను. మనవారికి చేపలను గూర్చిన పరిజ్ఞానము కొఱవడలేదు. కాని ఇచ్చటి రాజవినోదము చేపను పట్టుటయందు నిలిచినది. అచ్చటి వినోదము చేపను తీర్చిదిద్దుటకు పూనుకొన్నది.

ఆ తీర్చిదిద్దుట మింగ్ వంశపు కాలమున పరాకాష్ఠకు చేరెను. 1548 ప్రాంతమున హాంగ్‌చౌ నగరమున ఎఱ్ఱని నిప్పువంటి 'అగ్నిమత్స్యము' లనబడు చేపలు బయలుదేఱెననియు, అవి లేని యిల్లు లేకపోయెననియు, రంగులలో ఒకరితో నొకరు పోటీపడిరనియు లాంగ్ యింగ్ అను రచయిత తెలిపెను. ఇండ్లలో చేపలను పెంచుట కొలనులలో సాధ్యము గాదు గదా! మట్టి తొట్టెలు, పింగాణీ జాడీలు వచ్చెను. ఈ మార్పు చిన్నదిగ తోచును గాని దీని ఫలితము మిక్కిలి పెద్దది. కొలనిలో ఒక వింత చేప పుట్టిన యెడల అది వేల చేపలలో కలిసిపోవును; దాని సంతానము సామాన్య సంతానముతో కలిసి వింత మాయమగును. జాడీలో నుంచిన యెడల దానిని విడిగా పెంచవచ్చును. తగిన జోడును గూర్చవచ్చును. దాని పిల్లలలో తల్లిని పోలినదానిని ఎన్నుకొనవచ్చును.

1596లో చాంగ్ చియెన్‌దె అను నతడు బంగారు చేపలను గూర్చియే యొక గ్రంథమును రచించెను. ఈ విషయముపై ప్రత్యేక గ్రంథములలో ఇదియే మొదటిదని చెప్పుదురు. ఆయన పద్ధతి సులభము, కఠినము కూడ. అంగడిలో వేలకొలది చేపలను చౌకగా కొనవలెను. పదులకొలది జాడీలలో పంచవలెను. దినదినము పరిశీలించి తక్కువవానిని తీసివేయవలెను. నూటికి ఒకటి రెండు మిగులువఱకు ఇట్లు చేసి, మిగిలినవానిని విడిగా శ్రద్ధతో పెంచవలెను. చార్లెస్ డార్విన్ 'జాతుల ఉత్పత్తి' 1859లో వెలువడుటకు 263 సంవత్సరములకు ముందే, ఎన్నికచే జాతిని మార్చు విధానమును చీనా దేశపు చేపల పెంపకందారు తన జాడీలయొద్ద కూర్చుండి ఆచరించుచుండెను. డార్విన్ మహాశయుడును 1868లో ప్రకటించిన పెంపుడు జంతువులను గూర్చిన గ్రంథమున బంగారు చేపల వైవిధ్యమును ప్రస్తావించి, చీనావారి ఎన్నికను పేర్కొనెను.

తోక రెండుగా చీలినవి, పొట్ట గుండ్రనైనవి, కన్నులు వెలికి పొడుచుకొని వచ్చినవి, వీపుమీది వాజము లేనివి, తలపై కిరీటమువంటి కండ మొలచినవి, ఇట్లు ఒక్క బురదరంగు చేపనుండి వందలాది రూపములు పుట్టినవి.

సముద్రములు దాటి

జపాను దేశమున 1748లో వెలువడిన బంగారు చేపల పెంపకపు గ్రంథము ప్రకారము ఇవి 1502లో సకాయ్ రేవునకు చేరెను. 1724లో యానగిసావా యోషిసాతో అను ప్రభువు కోరియామకు బదిలీయై వచ్చుచు తన పరివారముతో బంగారు చేపలను కూడ తెచ్చెను. అనంతరకాలమున ఆ పట్టణపు సమురాయి కుటుంబములు పూటగడచుటకు వీనిని పెంచసాగిరి. కత్తిపట్టిన చేతులు చేపపిల్లలను లెక్కింపవలసివచ్చినది. కాని ఆ వృత్తియే ఆ పట్టణమునకు నేటికిని పేరు తెచ్చుచున్నది. ర్యూక్యూ ద్వీపముల మార్గమున వచ్చిన జాతికి ర్యూకిన్ అనియు, అపురూపమైన విదేశీ వస్తువులను హాలెండు పేర పిలుచు నలవాటుచే మఱియొక జాతికి ఒరాండా అనియు జపానువారు పేర్లు పెట్టిరి. ఒరాండా ఏనాడును హాలెండులో పుట్టలేదు. వలస వచ్చినవానికి ఊరి జనము పెట్టు పేరు సరియైనదే కావలెనను నియమము లేదు గదా!

ఐరోపాకు ఇవి వర్తకుల ఓడలపై చేరెను. ఇంగ్లండునకు 1728లో ఓడలో వచ్చిన అనేక చేపలు సర్ మాథ్యూ డెక్కర్ అను వర్తకునకు బహూకరింపబడగా, ఆయన వానిని లండను పరిసరములందు పంచిపెట్టెను. హొరేస్ వాల్పోల్ అను ప్రసిద్ధ రచయిత తన చేపల కొలనునకు చీనా దేశపు సరస్సు పేరిట పోయాంగ్ అని నామకరణము చేసికొనెను. ఆయన పెంచిన పిల్లి యొకటి 1747లో చీనా పింగాణీ తొట్టిలోని బంగారు చేపలకు ఆశపడి తొట్టిలో పడి మరణించినది. ఆయన మిత్రుడు టామస్ గ్రే ఆ పిల్లిపై ఒక కవిత వ్రాసెను. బంగారు చేపను గూర్చి ఆంగ్ల సాహిత్యమున మిక్కిలి ప్రసిద్ధి గన్న రచన ఇట్లు ఒక పిల్లి మరణమువలన పుట్టినది.

గాజు గోడల వెనుక

బంగారు చేప ఇంటింటికి చేరినను, అది గాజు పాత్రలో ఏల జీవించునో, ఏల మరణించునో చాలకాలము ఎవ్వరికిని తెలియదు. ఈ ప్రశ్నను శాస్త్రరీత్యా పట్టించుకొన్నవాడు లండనులోని రసాయనశాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్. ఆయన 12 గ్యాలన్ల పాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచెను. చేప విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించి ప్రాణవాయువు నిచ్చును గాన నీరు మార్చనక్కఱలేదని ఆయన తలంపు. మొదట బాగుగనే యుండెను. పిమ్మట మొక్క ఆకులు కుళ్ళి నీరు చెడెను. అప్పుడాయన నీటినత్తలను చేర్చెను. నత్తలు కుళ్ళిన ఆకులను తినెను. నత్తల గ్రుడ్లను చేపలు తినెను. పాత్ర ఒక చిన్న చెఱువైనది. 1850లో ఆయన ఈ ప్రయోగమును ప్రకటించెను. లండను జంతుప్రదర్శనశాలలో 1853లో మత్స్యగృహము తెఱవబడెను. నేడు అక్వేరియమని పిలువబడు గాజు తొట్టి విద్యకు పునాదులలో నొకటి రెండు బంగారు చేపలపై వేయబడినదని మనము గ్రహింపవలెను.

వారింగ్టన్ ఎఱుగని మఱియొక పాత్ర ఈ నాటకమున కలదు. చేప తన శరీరమున పుట్టు మాలిన్యమును చాలవఱకు మొప్పల ద్వారా అమ్మోనియా రూపమున విడుచును. మిగిలిన మేత కుళ్ళినను అదియే పుట్టును. ఇది చేపకు విషము. నీటి అడుగునను, గులకఱాళ్ళపైనను పెరుగు ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగ మార్చును. మఱియొక తెగ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగ మార్చును. ఇట్టి సూక్ష్మజీవులను 1890లో వినోగ్రాడ్‌స్కీ అను రష్యను శాస్త్రజ్ఞుడు వేఱుపఱచి చూపెను. క్రొత్త తొట్టిలో ఇవి తగినంతగ పెరుగుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. మా యింటి గాజు పాత్రలో వానికి నాలుగు దినములే దొరకెను. దినమునకు పదిమాఱులు ప్రేమతో వేసిన మేత పదిమాఱులు విషమైనది. కొళాయి నీటిలోని క్లోరిను మొప్పలను కాల్చినది. నోరు సన్నని గుండ్రని పాత్రలో గాలి తగులు నీటి వైశాల్యము తక్కువ. ఎండ సోకిన కిటికీ ప్రక్కన నీరు వెచ్చబడినది. 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగా, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరకు మించి కరగదు. కావున ఆ చేపను చంపినది దాని ఆయువు కాదు, మా అజ్ఞానము.

మౌనప్రాణి దేహధర్మములు

దీని ఆయువెంత? సరిగ పెంచిన యెడల పది, పదునైదు సంవత్సరములు బ్రతుకుట సామాన్యము. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో బహుమతిగా వచ్చిన యొక బంగారు చేప 1999 వఱకు, అనగా 43 సంవత్సరములు జీవించెను. అదియు మా మనుమరాలి చేపవలె సంతనుండి సంచిలో ఇంటికి వచ్చినదే.

దీని జ్ఞాపకశక్తి మూడు క్షణములను మాట ఎట్లు పుట్టినదో గాని అది వట్టి పుకారు. 1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున బెర్నార్డ్ అగ్రనాఫ్ అను శాస్త్రజ్ఞుడు జ్ఞాపకమును గూర్చి పరిశోధించుటకు ఎన్నుకొన్న ప్రాణి బంగారు చేపయే. దీపము వెలిగినంతనే అడ్డు దాటి ఆవలి గదికి పోవలెనని చేపలకు నేర్పిరి. దినములు గడచినను అవి మఱువలేదు. పాఠము నేర్చిన వెంటనే మెదడులో క్రొత్త మాంసకృత్తులు తయారుగాకుండ మందు నిచ్చిన యెడల మాత్రమే మఱచినవి. గంట గడచిన పిమ్మట నిచ్చిన మందు ఆ జ్ఞాపకమును చెఱపలేకపోయెను. జ్ఞాపకము మెదడులో ఎట్లు స్థిరపడునో మానవునకు తెలిపిన గురువులలో నొకటిని మనము మతిమఱపు ప్రాణి యనుచున్నాము.

దీనికి కనురెప్పలు లేవు. కన్నులు తెఱచియే నిద్రించును. మనకు కానరాని అతినీలలోహిత కాంతిని కూడ ఇది చూడగలదు. బయటకు చెవులు కానరావు గాని, లోపలి గాలితిత్తినుండి చెవివఱకు చిన్న యెముకల గొలుసు కలదు. గాలితిత్తి మద్దెలవలె శబ్దమును పట్టి ఆ గొలుసుద్వారా చెవికి చేర్చును. గాజుపై వ్రేలితో కొట్టుట పిల్లలకు ఆట. చేపకు అది ఉఱుము. దవడలలో దంతములు లేవు, గొంతులో గలవు. జీర్ణకోశమని చెప్పదగిన సంచి లేదు. నోటినుండి దిగిన ఆహారము నేరుగా ప్రేగులోనికి పోవును. అందుచే ఒక్కమాఱు తిని నిలువచేసికొనుట దానికి చేతగాదు. కొద్దికొద్దిగా వెదకికొని తినుట దాని స్వభావము. ఎప్పుడు చూచినను ఆకలిగొన్నట్లు కానవచ్చుట అందువలననే.

ఋతువు వెచ్చబడగా మగచేప మొప్పల మూతలపై తెల్లని చిన్న పొక్కులు తేలును. ఇది రోగము కాదు, యౌవన చిహ్నము. మగది ఆడుదానిని తఱుముచుండ, ఆడుది వందలు, వేలకొలది జిగురు గ్రుడ్లను నీటిమొక్కలపై వెదజల్లును. వెచ్చని నీటిలో రెండు మూడు దినములకే పిల్లలు వెలువడును. తలిదండ్రులకు పిల్లలపై మమకారము లేదు; కనబడిన గ్రుడ్లను అవియే తినివేయును.

అన్నింటికంటె వింతయైన విషయము మఱియొకటి. చల్లని నీటిలో ప్రాణవాయువు పూర్తిగా లోపించినను ఇది కొంతకాలము బ్రతుకగలదు. శరీరమున పేరుకొను ఆమ్లమును కండలలో మద్యసారముగ మార్చి మొప్పలద్వారా నీటిలోనికి విడుచును. 1980లో ఈ సంగతి వెల్లడియైనది. 2017లో దానికి కారణమైన కిణ్వము తెలిసినది. కాని వెచ్చని నీటిలో ఈ నేర్పు ఎంతోసేపు ఆదుకొనదు.

అందమునకు చెల్లించిన వెల

ఈ వింత రూపముల వెనుక నున్న సూత్రములను గూడ క్రమముగ కనుగొనిరి. చీనా శాస్త్రజ్ఞుడు చెన్ జెన్ 1928లో, పొలుసులు పారదర్శకమైన చేపను సామాన్య చేపతో జతపఱచిన యెడల చుక్కల చేపలు పుట్టుననియు, ఆ చుక్కల చేపల సంతానమున మూడు రకములును మెండెల్ చెప్పిన లెక్క ప్రకారమే వచ్చుననియు నిరూపించెను. రెండుగా చీలిన తోకకు ఒక్క జన్యువులో కలిగిన మార్పే మూలమని 2014లో తేలినది. 2019లో దీని జన్యుక్రమమంతయు ప్రకటింపబడెను. మనుష్యునకు 46 క్రోమోసోములుండగా ఈ చిన్న చేపకు 100 కలవు. సుమారు 1 కోటి 40 లక్షల సంవత్సరముల క్రిందట దీని పూర్వికులలో జన్యుసంపద రెట్టింపైనదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఒక ప్రతి పాడైనను రెండవ ప్రతి పనిచేయుచుండును గనుక ఇన్ని మార్పులను ఈ జాతి తట్టుకొనగలిగినదని భావింతురు.

కాని తట్టుకొనుట వేఱు, సుఖించుట వేఱు. గుండ్రని పొట్ట మనకు అందము. లోపల ప్రేగును గాలితిత్తిని ఇఱికించి చేపను తలక్రిందులు చేయునదియు అదియే. పొడుచుకొని వచ్చిన కన్ను మనకు వింత. చేపకు చూపు తగ్గుటయు, గాయములు తగులుటయు దాని ఫలము. వీపు వాజము లేని చేప తిన్నగా ఈదుటకే శ్రమపడును. ఇవి యేటిలో విడిచిన మఱునాడు బ్రతుకవు. మనుష్యుని కంటికై పుట్టిన ఈ రూపములకు మనుష్యుని చేయి దప్ప వేఱు దిక్కు లేదు.

సామాన్యమైన పొడవుపాటి బంగారు చేప కథ దీనికి విరుద్ధము. దానిని చెఱువులో విడిచిన యెడల బ్రతుకును, మిక్కిలిగ పెరుగును, అడుగు బురదను కలచి, మొక్కలను పెకలించి, స్థానిక జాతుల మేతను హరించును. 2021లో అమెరికాలోని మినెసోటా రాష్ట్రపు బర్న్స్‌విల్ నగరపాలకులు, అక్కడి సరస్సులో విడువబడిన చేపలు పెద్ద బంతులంత పెరిగినవనియు, ఇక నెవ్వరును విడువవద్దనియు ప్రజలను వేడుకొనిరి. జీవకారుణ్యముతో కొలనిలో విడుచుటచే మొదలైన చరిత్రలో, విడువకుండుటయే కారుణ్యమను అధ్యాయము నేడు వచ్చినది.

మన యిండ్లలో

మన దేశమున చేపల ప్రదర్శనకు 1951లో బొంబాయి తారాపోరెవాలా మత్స్యశాల ప్రారంభము ఒక మైలురాయి. మద్రాసువాసులకు 1985లో అగ్నికి ఆహుతియైన మూర్ మార్కెట్టును, అందులో పెంపుడు ప్రాణులనమ్ము అంగళ్ళును జ్ఞప్తిలో నుండును. నేడు ఆ నగరపు కొళత్తూరు అలంకారపు చేపల పెంపకమునకును విక్రయమునకును పేరొందినది. వెల తక్కువ గనుక కొనుట సులభము. వెల తక్కువ యగుటచేతనే ప్రాణమును తక్కువగా చూచుటయు సులభము. ఇటలీలో రోము నగరము 2005లో గుండ్రని పాత్రలలో బంగారు చేపలనుంచుటను నిషేధించెను.

కొనదలచినవారు పాటింపవలసినవి కొన్నియే. గుండ్రని పాత్ర గాక వెడల్పైన తొట్టి. చిన్న చేపకైనను 40, 50 లీటర్లకు తక్కువ గాని నీరు, చేప పెరిగిన కొలది అంతకు మించి. నీటిని వడపోసి గాలి అందించు చిన్న యంత్రము. క్లోరిను కలిపిన కొళాయి నీటిని వెడల్పు పాత్రలో ఒక పగలు ఒక రాత్రి నిలువయుంచి వాడుట, లేదా అంగడిలో దొరకు విఱుగుడు మందు కలుపుట. వారమున కొకమాఱు నాల్గవ వంతు నీరు మాత్రమే మార్చుట. రెండు మూడు నిమిషములలో తినునంత మేత దినమునకు ఒకటి రెండు మాఱులు. ఎండ తగులని చల్లని చోటు. ఇంతకు మించి ఆ ప్రాణి మనలను ఏమియు కోరదు.

మా మనుమరాలికి ఈ సంగతులన్నియు చెప్పి, నేను పలికిన అసత్యములను ఒప్పుకొంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే మనమే చంపేశామా, తాతయ్యా?" అని యడిగెను. ఔనంటిని. తరువాత ఒక పెద్ద తొట్టిని తెచ్చి, నెలకు పైగా నీటిని సిద్ధపఱచి, ఒక చేపను తెచ్చుకొంటిమి. మూడేండ్లు గడచినవి. అది నేటికిని ఉన్నది. ఉదయమున ఆ బిడ్డ అడుగుల చప్పుడు వినినంతనే నీటి పైకి వచ్చి ఆమె వ్రేళ్ళనుండి మేత నందుకొనుచున్నది.

అది చూచినపుడెల్ల నాకు హాంగ్‌చౌ కొలనిగట్టున పిండివంట తునుకలతో నిలిచిన ఆ మహాకవి స్మరణకు వచ్చును. ఆయన చేప పైకి వచ్చి, తినక, మరల లోనికి పోయినది. మా మనుమరాలి చేప చేతికి వచ్చుచున్నది. ఈ రెండు చేపల నడుమ దూరము తొమ్మిది వందల సంవత్సరములు. తరతరములుగ మనుష్యుడు సంపాదించుకొన్న నమ్మకమే ఆ దూరము. అంతటి నమ్మకమును నాలుగు దినములలో వమ్ము చేయుట మాకెంత సులభమైనదో తలంచుకొన్నప్పుడు నేటికిని సిగ్గు కలుగుచుండును.